రిపోర్టు రాని ఎనిమిది రోజులు: ఒక కేస్ స్టడీ

గదిలోకి వచ్చి కూర్చోగానే ఆమె ఫోన్‌ను బల్ల మీద, తెర కనపడేలా పెట్టుకున్నారు. తర్వాత ఎడమ చేత్తో కుడి రొమ్ము పక్కన ఒకసారి నొక్కి చూసుకున్నారు. మేం మాట్లాడిన నలభై నిమిషాల్లో ఆ చేయి పదకొండుసార్లు అక్కడికే వెళ్ళింది. ఆ సంగతి చెబితే నమ్మలేదు. "నేనా? అన్నిసార్లా?" అంటూనే పన్నెండోసారి నొక్కారు.

నేను క్యాన్సర్ విభాగంలో పనిచేసే సైకాలజిస్టుని. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది జబ్బు ఖాయమైనవాళ్ళు, చికిత్స మధ్యలో ఉన్నవాళ్ళు. ఇంకా ఏమీ తేలనివాళ్ళను పంపడం తక్కువ. "ముందు రిపోర్టు రానివ్వండి, అప్పుడు చూద్దాం" అంటారు. ఆ "అప్పుడు" వచ్చేలోపు మనిషి ఎంత నలిగిపోవచ్చో ఈ కేసులో దగ్గరగా చూశాను. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వయసు 43. హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో భర్త, పదిహేనేళ్ళ కూతురు. ఇంతకుముందు మానసిక సమస్యలతో ఎవరినీ కలవలేదు, మందులేవీ వాడలేదు. స్నానం చేస్తుంటే గడ్డ చేతికి తగిలింది. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ తీసి బైరాడ్స్ 4బి అని రాశారు. బైరాడ్స్ అంటే క్యాన్సర్ అనుమానం ఎంతుందో చెప్పే స్థాయి. సోమవారం మధ్యాహ్నం అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పరీక్ష కోసం సూదితో ముక్కలు తీశారు, అదే బయాప్సీ. "నాలుగైదు రోజుల్లో ఫోన్ చేస్తాం" అని చెప్పి పంపించారు. మంగళవారం ఒక్కరోజే ఆమె క్లినిక్‌కి ఆరుసార్లు ఫోన్ చేశారు. ఆరోసారి ఫోన్ ఎత్తిన నర్సు విసుక్కోలేదు. "మా సైకాలజిస్టు మేడమ్‌తో ఒకసారి మాట్లాడతారా అండీ" అని అడిగింది. అలా బుధవారం ఉదయం నా దగ్గరకు వచ్చారు.

ఆందోళన ఎంతుందో చూడటానికి జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక వాడతాం. మొత్తం 21కి 10 గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాలి, 15 నుంచి పైన తీవ్రం. ఆమెకు 17 వచ్చింది. అసలు ఆ పట్టిక రెండు వారాల పరిస్థితిని అడుగుతుంది. నేను "ఈ వారంలో" అని మార్చి అడిగాను, కాబట్టి ఆ అంకెను రోగ నిర్ధారణ అనుకోకూడదు. కేస్ షీటులో నేను ఏ డిజార్డర్ పేరూ రాయలేదు. రొమ్ములో గడ్డ ఉండి, రిపోర్టు రాక, నిద్రపట్టకపోతే దానికో జబ్బు పేరు పెట్టక్కర్లేదు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడిగాను, ఎవరినైనా అడుగుతాను. "చచ్చిపోతానేమో అన్నది తప్ప వేరే ఆలోచనే లేదు మేడమ్" అన్నారు. నవ్వాలో వద్దో ఇద్దరికీ తెలియలేదు.

నేను చేసిన పొరపాటు

మొదటి పావుగంటలోనే తప్పటడుగు వేశాను. "బయాప్సీకి పంపిన గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే ఉంటాయండీ" అన్నాను. మాట నిజమే. చెప్పిన మనిషీ, చెప్పిన సమయమే తప్పు.

"4బి అంటే 10 నుంచి 50 శాతం మేడమ్. రాత్రి చూశాను. యాభై అంటే బొమ్మా బొరుసా. అయినా శాతం అనేది వందమంది సంగతి చెబుతుంది. నేను ఒక్కదాన్ని. నాకు అయితే ఉంది, లేకపోతే లేదు. సంభావ్యత నేను పిల్లలకు చెప్పే పాఠమే" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అప్పటికి రెండు రోజులుగా భర్త, తోటి టీచర్లు, చెల్లెలు అందరూ అదే మాట రకరకాలుగా చెబుతూనే ఉన్నారు. ఒక్కో ధైర్యవచనం పది నిమిషాలు పనిచేస్తుంది. పదకొండో నిమిషానికి "మరి వీళ్ళకెలా తెలుసు?" అన్న ప్రశ్న మొదలవుతుంది. డబ్బులు తీసుకుని నేనూ ఆ వరసలోనే నిలబడ్డాను.

అక్కడే ఆగి, ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను. రిజల్ట్ ఏమిటో నాకూ తెలియదని, దాని మీద ఆమెకు ధైర్యం చెప్పడం నా పని కాదని అన్నాను. తర్వాత ఒక ప్రయోగం గురించి చెప్పాను. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు కొందరితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. రాయి కింద పాము ఉంటే చేతికి కరెంటు షాక్ తగులుతుంది. షాక్ తప్పదని ఖాయంగా తెలిసినప్పటికంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అన్న సగం సగం స్థితిలో ఉన్నప్పుడే మనుషులకు ఒత్తిడి ఎక్కువైంది. చెమట, కంటిపాప కూడా అదే చెప్పాయి. ఆమె కాసేపు ఆలోచించి, "అంటే నాది క్యాన్సర్ భయం కాదు, సగం భయం" అన్నారు. మూడు రోజుల్లో తనకు పనికొచ్చిన మొదటి మాట అదేనని తర్వాత చెప్పారు. ఆ మాట నాది కాదు, ఆమెదే.

తోటి వైద్యులకు చెప్పేటప్పుడు నేను ఇంకో అధ్యయనం ఎత్తుతాను. 2009లో రేడియాలజీ పత్రికలో వచ్చింది. బయాప్సీ అయిన ఐదు రోజుల తర్వాత ఆడవాళ్ళ లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచారు. క్యాన్సర్ అని తెలిసినవాళ్ళలో ఆ హార్మోను తీరు ఎలా మారిందో, ఇంకా ఏమీ తేలనివాళ్ళలోనూ ఇంచుమించు అలాగే మారింది. ఏమీ లేదని తెలిసినవాళ్ళలో మాత్రం వేరుగా ఉంది. కాబట్టి "ఇంకా ఏమీ కాలేదుగా, అప్పుడే ఎందుకు టెన్షన్" అనే మాట ఒంటికి వర్తించదు. ఒంటికి సంబంధించి అప్పటికే చాలా అయిపోయింది.

ఫోన్

రిజల్ట్‌ను మార్చలేం. అది ఎలా వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఎవరు చెబుతారు అన్నవాటిలో మాత్రం కొంత మన చేతిలో ఉంటుంది. ఈ ఎనిమిది రోజుల్లో నేను చేసిన పనిలో ముప్పావు వంతు దీని చుట్టూనే తిరిగింది.

మంగళవారం ఆమె బడికి వెళ్ళారు. మూడో పీరియడ్‌లో తెలియని నంబరు నుంచి ఫోన్. వరండాలోకి పరుగెత్తి ఎత్తితే, పర్సనల్ లోన్ కావాలా అని అడిగారు. ఆమె అక్కడే గోడకు చేరగిలబడి కింద కూర్చుండిపోయారు. గుండె దడ, చేతుల్లో తిమ్మిరి, ఊపిరి అందకపోవడం. పది నిమిషాల తర్వాత పిల్లలు వచ్చి లేపారు. అప్పటినుంచి ఫోన్‌ను బాత్రూంలోకి కూడా పట్టుకెళ్తున్నారు. మోగితే భయం. మోగకపోతే సిగ్నల్ పోయిందేమోనని ఇంకో భయం.

ఆమె ఒప్పుకుంటే క్లినిక్ నర్సుకు అక్కడినుంచే స్పీకర్ పెట్టి ఫోన్ చేద్దామన్నాను. సరే అన్నారు. నర్సు చాలా ఓపికగా చెప్పింది. రిపోర్టులు ల్యాబు నుంచి మధ్యాహ్నం తర్వాతే వస్తాయి, డాక్టరు గారు చూశాకే ఫోన్ చేస్తారు, కాబట్టి సాయంత్రం నాలుగు లోపు ఎవరూ చేయరు. చేసేది ఒక్క నంబరు నుంచే. ముఖ్యమైన సంగతి చివర్లో చెప్పింది. రిజల్ట్ ఏదైనా సరే వాళ్ళు ఫోన్‌లో చెప్పరు, అందరినీ రమ్మంటారు. ఆ మాట విని ఆమె, "అంటే రమ్మన్నారంటే ఉన్నట్టు కాదా?" అని రెండుసార్లు అడిగారు. కాదని నర్సు రెండుసార్లు చెప్పింది. ఈ ఒక్క ముక్క బయాప్సీ రోజే కాగితం మీద రాసి ఇస్తే, "రమ్మన్నారు" అన్న మాట విని ఇంటికీ ఆసుపత్రికీ మధ్య దారిలో కుప్పకూలేవాళ్ళ సంఖ్య తగ్గుతుందని నేను మా విభాగంలో ఎప్పటినుంచో పోరుతున్నాను.

ఆ నంబరుకు ఆమె వేరే రింగ్‌టోన్ పెట్టుకున్నారు. అది నా సలహానే. మిగతా ఏ ఫోన్ మోగినా అది క్లినిక్ కాదని చూడకుండానే తెలుస్తుంది. నాలుగు లోపు ఫోన్ స్టాఫ్ రూమ్ బీరువాలో ఉండాలని ఆమే నిర్ణయించుకున్నారు. గురువారం అలా చేయగలిగారు. క్లినిక్‌కి ఫోన్ చేయడం ఆరు నుంచి సున్నాకు వచ్చింది. నిద్ర మాత్రం రాలేదు.

నొక్కి చూడటం, వెతికి చూడటం

చేతి సంగతికి వస్తాను. ఆమెను మానేయమనలేదు, లెక్కపెట్టమన్నాను. లెక్కల టీచరు కదా, చిన్న కాగితం మీద నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఐదోది, అలా పద్దు రాశారు. గురువారం సాయంత్రానికి 46. గడ్డ పెద్దదైందని, గట్టిపడిందని, పైన చర్మం పసుపుపచ్చగా మారిందని కంగారుపడ్డారు. నేను డాక్టరును కాను, చూసి చెప్పలేను. నర్సుకు చూపించమన్నాను. సూది గుచ్చినచోట లోపల రక్తం గూడుకట్టి ఉబ్బుగా తగులుతుంది, కమిలిన రంగు ఊదా నుంచి పచ్చకు, పచ్చ నుంచి పసుపుకు మారుతూ తగ్గుతుంది. ఆమె రోజూ నొక్కుతున్నది ఆ వాపునే. నొక్కినకొద్దీ నొప్పి, నొప్పి పెరిగినకొద్దీ నొక్కాలనిపించడం. అది తెలిశాక పద్దు మర్నాటికి 19కి వచ్చింది. ఒకేసారి సున్నా చేయాలని నేను ఆశపడను.

ఇంట్లో ఒక పాత మాట కూడా ఆమెను తినేసింది. వాళ్ళ పెద్దమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది, "సూది పెట్టాకే పాకింది" అని ఇంట్లో అనుకునేవారు. పాకినదాన్ని ముందు సూదితోనే కనిపెట్టారని, సూది వల్ల పాకలేదని రేడియాలజిస్టు ఆమెకు విడమర్చి చెప్పారు. సూది దారిలో కణాలు పడటం చాలా అరుదు, అందువల్ల జబ్బు ముదురుతుందనడానికి ఆధారం లేదు. ఇలాంటిది మేం చెబితే సరిపోదు, సూది పట్టిన మనిషే చెప్పాలి.

ఇంటర్నెట్‌లో వెతకడాన్ని నేను నిషేధించను, ఎవరూ వినరు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఆమె వెతుకుతున్నది అప్పటికి తన దగ్గర లేని రిపోర్టుకు సమాధానం. ఒక నోటుబుక్కులో మధ్యకు గీత గీయించాను. ఒకవైపు ఇప్పుడు తెలుసుకోగలిగేవి, రెండోవైపు రిపోర్టు వచ్చాక మాత్రమే తెలిసేవి. ఏ ప్రశ్న తట్టినా వెతకడానికి ముందు ఏ వైపుదో రాయాలి. రెండోవైపు పేజీలు నిండాయి, మొదటివైపు మూడే ప్రశ్నలు. ఆ రెండోవైపు పేజీనే తర్వాత సర్జన్ దగ్గరకు పట్టుకెళ్ళే ప్రశ్నల చీటీ అయింది.

పనిచేయనివి కూడా చెప్పాలి. గాఢంగా ఊపిరి తీసుకోమన్నాను, ఆమె అంత గట్టిగా తీసుకున్నారంటే కళ్ళు తిరిగాయి. పీల్చడం కాదు, వదలడం ముఖ్యమని మార్చాను: నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలడం. అది కొంచెం నయం. మనసు మళ్ళించుకోవడానికి పరీక్ష పేపర్లు దిద్దబోతే ఒకే పేపరుకు రెండుసార్లు మార్కులు వేశారు. కాంపాస్, స్కేలు తీసుకుని జ్యామితి నిర్మాణాలు గీయడం మొదలుపెట్టాక మాత్రం ఒక గంట గడిచినట్టే తెలియలేదట. వృత్తంలో క్రమ పంచభుజి. కన్నూ చేయీ రెండూ ఒకేచోట ఉండే పని, మరీ తేలిక కాదు, మరీ కష్టం కాదు. రిజల్ట్ కోసం ఎదురుచూసేవాళ్ళ మీద ఏళ్ళుగా పనిచేస్తున్న సైకాలజిస్టు కేట్ స్వీనీ బృందం కూడా ఇలా పనిలో మునిగిపోవడమే మేలని గమనించింది. కాలిఫోర్నియాలో లాయర్ల పరీక్ష రాసి నాలుగు నెలలు రిజల్ట్ కోసం ఆగినవాళ్ళను ఆవిడ పరిశీలించారు. మామూలుగా మనం చెప్పే ఉపాయాలు వాళ్ళ ఆందోళనను పెద్దగా తగ్గించలేకపోయాయి. అది చదివినప్పటినుంచి, ఇంకా కంగారుగానే ఉందని ఎవరైనా అంటే వాళ్ళు సరిగ్గా ప్రయత్నించలేదని నేను అనుకోవడం మానేశాను.

గురువారం సాయంత్రం భర్త కూడా వచ్చారు. ఆయన ప్రతి రెండు మాటలకూ "ఏమీ ఉండదులే" అంటున్నారు. అన్న ప్రతిసారీ ఆమె మొహం పక్కకు తిరిగిపోవడం నేను చూశాను, ఆయన చూడలేదు. "మీకేం అనిపిస్తోందండీ?" అని అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను కూడా భయపడితే ఇంకెవరు ధైర్యం చెబుతారు మేడమ్" అంటూ ఏడ్చేశారు. ఆమె ఆయన చేయి పట్టుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలా చూడటం అదే మొదటిసారట. ఆ రోజు నేర్పింది ఒక్కటే: "ఏమీ ఉండదులే" బదులు "నాకూ భయంగానే ఉంది, ఇక్కడే ఉన్నాను" అనడం. సాయంత్రం ఏడు నుంచి ఇరవై నిమిషాలు ఈ విషయం మాట్లాడుకునే సమయం. మిగతా వేళల్లో గుర్తొస్తే "ఏడింటికి" అని వాయిదా వేయడం. కూతురికి ఏమీ చెప్పలేదన్నారు, ఆ పిల్లకు తలుపు సందుల్లోంచి అంతా తెలుసు. ఆ రాత్రి చెప్పేశారు. "నాకు చెప్పకపోతే ఇంకా భయమేస్తుంది" అందట.

శుక్రవారం

నాలుగున్నరకు ఆ రింగ్‌టోన్ మోగింది. రిపోర్టు కోసం కాదు. ఇంకొన్ని పరీక్షలు చేయాల్సి ఉందని, మంగళవారం అవుతుందని చెప్పారు. మొదటి రోజు కంటే పెద్ద దెబ్బ ఇదే. "చెడుదే వచ్చింది, మళ్ళీ చూసుకుంటున్నారు" అని ఆమె ఖాయం చేసుకున్నారు. రిపోర్టు ఎప్పుడో తయారై ఒక సొరుగులో ఉందని, చెప్పడానికి మొహమాటపడుతున్నారని ఆమె ఊహ.

సోమవారం వచ్చినప్పుడు నేను కాగితం తీసి ఆ ముక్క ఎక్కడెక్కడ తిరిగిందో గీశాను. తీసిన వెంటనే, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం ఉన్న సీసాలోకి. కనీసం ఆరు గంటలు అందులో నానాలి, లేకపోతే తర్వాతి పరీక్షలు నమ్మలేం. తర్వాత నీరంతా తీసేసి మైనంలో పోతపోస్తారు. ఆ మైనపు దిమ్మను మిల్లీమీటరులో వెయ్యో వంతులు మూడు నాలుగు ఉండే మందంతో చీరుతారు, గాజు పలక మీద రంగు వేస్తారు. అప్పుడుగానీ పాథాలజిస్టు కన్ను దాని మీద పడదు. అంతటితో తేలకపోతే మళ్ళీ అదే దిమ్మను లోతుగా కోసి వేరే రంగులు వేస్తారు, ఒక్కోసారి ఇంకో పాథాలజిస్టుకు చూపిస్తారు. ఆమె విషయంలో గ్రంథుల చుట్టూ ఉండాల్సిన ఒక కణాల పొర ఉందా లేదా అని పీ63 అనే రంగుతో చూస్తున్నారని ఆమె అనుమతితో ల్యాబును అడిగి తెలుసుకున్నాను. పొర కనపడకపోతే క్యాన్సర్ అనుమానం బలపడుతుంది. కనపడితే, క్యాన్సర్ లాగే కనిపించే వేరే మార్పు కావచ్చు. ఆలస్యం రెండువైపులా సరిపోతుంది.

"అంటే పేపర్ రీవాల్యుయేషన్‌కి వెళ్ళింది" అన్నారు. అవునన్నాను. ఆ వారాంతం ఎలా గడిచిందని అడిగితే, ఏడింటి సమయం శనివారం రెండు గంటలు సాగిందని, ఆదివారం ముగ్గురూ కలిసి ఏడ్చామని చెప్పారు. నాకు అది ఓటమిగా అనిపించలేదు.

మంగళవారం, ఆ తర్వాత

రిపోర్టులో క్యాన్సర్ లేదు. పూర్తిగా ఏమీ లేదని కూడా లేదు. స్క్లెరోసింగ్ అడినోసిస్, అంటే గ్రంథులు పెరిగి గట్టిపడటం. దాంతోపాటు ఏటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా, అంటే నాళాల్లో కణాలు ఎక్కువై, తీరు కొంచెం మారింది. ఈ రెండూ క్యాన్సర్ కావు, కానీ సూదితో తీసింది కొంత భాగమే కాబట్టి పక్కన ఇంకేమైనా ఉందేమో తేల్చడానికి ఆపరేషన్ చేసి ఆ ప్రాంతం తీయాలి. మళ్ళీ రిపోర్టు, మళ్ళీ ఎదురుచూపు.

నేను భయపడింది దీనికే. ఉందో లేదో అన్న రెండిటికీ సిద్ధపడిన మనిషికి మధ్యలో ఒకటి వస్తే తట్టుకోవడం కష్టం. ఆమె సర్జన్ ఎదుట నోటుబుక్కు తెరిచి వరసగా అడిగారట: రిపోర్టు ఏ రోజు రావచ్చు, ఎవరు ఫోన్ చేస్తారు, ఏ నంబరు నుంచి, ఆలస్యమైతే ఎవరిని అడగాలి. సర్జన్ నవ్వి, ఇవన్నీ మీరు మా పేషెంట్లందరికీ రాసి పెట్టండి అన్నారట. రాసి ఇచ్చారు కూడా.

ఆపరేషన్ తర్వాత రిపోర్టు కోసం ఎదురుచూసిన ఈ రెండోసారి జీఏడీ-7లో అత్యధికంగా 11 వచ్చింది. రెండు రాత్రులు నిద్రపోలేదు. క్లినిక్‌కి ఒక్కసారి ఫోన్ చేశారు, అది కూడా చెప్పిన తేదీ దాటాక. తీసిన భాగంలో క్యాన్సర్ కనపడలేదు. ఈ రకం మార్పు ఉన్నవాళ్ళకు మున్ముందు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు కంటే దాదాపు నాలుగు రెట్లు కాబట్టి ఏటా పరీక్షలు చేయించుకోవాలి. ముప్పు తగ్గించే మాత్రల గురించి ఆంకాలజిస్టుతో ఇంకా మాట్లాడుతున్నారు. చివరిగా చూసినప్పుడు స్కోరు 6.

ఒక్కటి మిగిలింది, అది నా చేతి పనే. ఆ రోజు పెట్టుకున్న రింగ్‌టోన్‌ను ఆమె ఎప్పుడో తీసేశారు. అదే ట్యూన్ పక్కింటివాళ్ళ ఫోన్‌లో మోగినా ఆమె చేయి రొమ్ము దగ్గరకు వెళ్ళిపోతోంది. ఇప్పుడు నెలకోసారి వచ్చినప్పుడు, ముందు తక్కువ శబ్దంతో, తర్వాత కాస్త పెంచి, ఆ ట్యూన్‌నే వింటున్నాం.